ముళ్లు చూసి చుట్టరికం కలపకండి: మీ ప్రహరీ మీది ఊదా పూల తీగ గురించి

ముందు పొయ్యి మీది గిన్నె దించండమ్మా. మిగతా సంగతులు తీరిగ్గా చెప్పుకుందాం.

మీరు రాసినదాన్ని ఇక్కడ కుదించి చెబుతాను, చదివేవాళ్లందరికీ సంగతి తెలియాలి కదా. శ్రీకాకుళంలో మీ ఇంటి ప్రహరీ పక్కన మూడేళ్ల కిందట బెంగళూరు బంధువులిచ్చిన కొమ్మ ఒకటి నాటారు. ఇప్పుడది డాబా ఎక్కింది. గుత్తులు గుత్తులుగా లేత ఊదా పూలు, కొమ్మల నిండా కొక్కేల్లాంటి ముళ్లు. ఇన్నేళ్లలో ఒక్క కాయ కూడా కాయలేదు. ఒకే తీగకు మూడు రకాల ఆకులు. ధనుర్మాసంలో ఆకులన్నీ రాల్చేస్తే చచ్చిపోయిందనుకున్నారు, ఎండలు ముదిరేసరికి మళ్లీ చిగిర్చింది. మొక్కలమ్మే అబ్బాయి దీన్ని బంగాళాదుంప తీగ అన్నాడు. పక్కింటి పిన్నిగారు మాత్రం ఇది ముళ్లముస్తె అని, మీ అత్తగారి దగ్గుకు ఈ ఆకుతో కషాయం పెట్టమని చెప్పారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి అని మీ ప్రశ్న.

ఇద్దరి మాటా తప్పే. అయితే పిన్నిగారి పొరపాటులో కొంత న్యాయం ఉంది. ముళ్లముస్తె కూడా ఎగబాకే మొక్కే, దానికీ వంకర ముళ్లే, దానికీ ఊదా పూలే, మధ్యలో పచ్చటి కేసరాలే. కొన్ని చోట్ల ఉచ్చింత అంటారు, సంస్కృతంలో అలర్కం, తమిళులు తూదువళై అంటారు. శాస్త్రీయ నామం సొలానమ్ ట్రైలోబేటమ్. దగ్గుకూ ఆయాసానికీ దాని ఆకు వాడడం మన దక్షిణాదిలో తరాలుగా ఉన్న అలవాటే. కళింగపట్నం వైపు ఇసుక నేలల కంచెల్లో నేను దీన్ని చాలాసార్లు చూశాను. కానీ దాని ఆకు చిన్నది, మూడు నుంచి అయిదు తమ్మెలుగా చీలి ఉంటుంది. పువ్వు మహా అయితే రూపాయి బిళ్లంత. పండితే ఎర్రటి గుండ్రటి పండ్లు కనిపిస్తాయి. మీ ఫొటోలో పువ్వు మీ అమ్మాయి అరచేతిలో సగం ఆక్రమించింది, అయిదారు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ ఒక్క ఫొటోతోనే ముళ్లముస్తె కాదని తేలిపోయింది.

మీది సొలానమ్ వెండ్‌లాండీ. పుట్టిల్లు మెక్సికో దక్షిణం నుంచి కోస్టారికా వరకు పరుచుకున్న మధ్య అమెరికా. 1887లో జోసెఫ్ డాల్టన్ హుకర్ దీనికి పేరు పెట్టాడు. మన దేశపు మొక్కల మీద ఏడు సంపుటాల గ్రంథం వెలువరించిన హుకరే ఈయన. కోస్టారికా ప్రాంతాల్లో 1856, 57 సంవత్సరాల్లో తిరిగి మొక్కలు సేకరించిన హెర్మన్ వెండ్‌లాండ్ అనే జర్మన్ తోటల అధికారి గౌరవార్థం ఆ పేరు. వెండ్‌లాండ్‌కు అసలు మోజు తాటి జాతి చెట్ల మీద. ఆయన పేరును జనం నోట నిలిపింది మాత్రం ఈ ముళ్ల తీగ. ఇంగ్లీషులో దీన్ని జెయింట్ పొటాటో క్రీపర్ అంటారు, మొక్కలబ్బాయి మాట అక్కడి నుంచి వచ్చింది. దీనికి దుంపలు ఊరవు, వేళ్లు తవ్వి చూసే శ్రమ పెట్టుకోకండి. దానికి మించిన తమాషా ఇంకొకటుంది, వంశవృక్షం దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

విజయనగరంలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. ముళ్లున్న మొక్క తెస్తే పిల్లలకు నేను మొదట అప్పగించే పని, ముల్లును బొటనవేలితో పక్కకు నెట్టి చూడమనడం. నిమ్మ ముల్లును అలా నెట్టండి, ఊడదు. ఎందుకంటే అది ముల్లుగా మారిన కొమ్మ, లోపల కర్ర ఉంటుంది, నీళ్లు మోసే నాళాలుంటాయి. కాగితం పూల ముల్లూ అంతే. రేగు ముల్లు ఆకు మొదట్లో ఉండే చిన్న పుచ్ఛాల నుంచి వచ్చింది, అందుకే జంటగా ఉంటుంది. బ్రహ్మజెముడు ముళ్లు ఆకులు మారి ఏర్పడినవి. ఇక గులాబీ ముల్లును నెట్టండి, టక్కుమని ఊడి, అడుగున నున్నటి మచ్చ వదిలిపోతుంది. అది పై పొర నుంచి, దాని కింది కణాల నుంచి మొలిచిన ముల్లు. లోపలి నాళాలతో దానికి సంబంధం లేదు. వృక్షశాస్త్రంలో దాన్ని ప్రికిల్ అంటారు. మీ తీగ ముల్లు కూడా గులాబీ ముల్లు లాగే ఊడుతుంది. వంగ, వాకుడు, ఉస్తి, ముళ్లముస్తె, వీటన్నింటి ముళ్లూ ఆ కోవలోవే.

కాబట్టి ముల్లు రకం ఒకటేనని పిన్నిగారు వాదిస్తే ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకోలేనిది, ముల్లు ఒకటైతే మొక్క కూడా ఒకటే అనే మాట. గులాబీకీ వంకాయకూ చుట్టరికం ఏముంది? 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ విషయాన్ని చాలా అందంగా చూపించింది. మొక్కల్లో సైటోకైనిన్ అనే హార్మోను తయారీకి పనికొచ్చే లాగ్ అనే జన్యువుల కుటుంబం ఒకటుంది. తోట వంగల్లో ముళ్లు పోవడం వెనుక ఆ కుటుంబంలోని ఒక జన్యువు చెడిపోవడం ఉందని తేలింది. మరీ విచిత్రం, ఎంతో దూరపు వంశమైన గులాబీలో కూడా ముల్లు మొలవడానికి ఆ కుటుంబపు జన్యువే పనిచేస్తోంది. కోట్ల ఏళ్ల ఎడంలో వేరువేరు వంశాలు ఒకే పాత పనిముట్టును తీసి ముల్లు చెక్కడానికి వాడుకున్నాయన్నమాట. తొడిమ మీద ముళ్లున్న వంకాయ కూర రుచే వేరని మా ఇంట్లో ఇప్పటికీ పట్టుదల. ఈ పరిశోధన చదివాక ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ముల్లుకూ రుచికీ సంబంధం ఉందో లేదో గానీ, ముల్లుకూ వంశానికీ ఉన్న సంబంధం మాత్రం మనం అనుకున్నంత గట్టిది కాదు.

మరి దేన్ని చూడాలి? ఆకు వెనుక నూగును. ఇది మీ ఇంట్లోనే చేయవచ్చు. కూరగాయల పెరట్లో వంగ మొక్క ఉంటే ముదురాకు ఒకటి కోసి, వెనుక వైపు భూతద్దంతో చూడండి. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న అద్దం చాలు. చేతికి గరుకుగా తగిలే ఆ నూగు మామూలు వెంట్రుకలు కాదు, ఒక్కొక్కటీ ఒక్కో నక్షత్రం. ఒక కాడ మీద చుట్టూ ఆరేడు కిరణాలు విచ్చుకుని ఉంటాయి. వందల నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి పడి అల్లుకుని కనిపిస్తాయి. నేను డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు అది చూపించినప్పుడు ఒకమ్మాయి, మాస్టారూ, ఇన్నాళ్లూ దీన్ని గుత్తివంకాయ చేసుకుని తిన్నామా అంది. ముల్లుతో పాటు ఈ నక్షత్రాల నూగు ఉన్న సొలానమ్‌లను లెప్టోస్టెమోనమ్ అనే పెద్ద గుంపులో చేర్చారు. వంగ, వాకుడు, ఉస్తి, మన ముళ్లముస్తె అందులోనివే. ఇప్పుడు మీ తీగ ఆకు తిప్పి చూడండి. నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది, నక్షత్రాలుండవు. నడి ఈనె మీద మాత్రం కొక్కెం ముళ్లు వేలికి తగులుతాయి. ముళ్లున్నా దీన్ని ఆ గుంపులో చేర్చకుండా, దీని దగ్గరివాళ్లతో కలిపి వేరే చిన్న కొమ్మగా ఉంచారు.

వంశవృక్షం సంగతి చెబుతానన్నాను. సొలానమ్ ప్రజాతిలో వెయ్యికి పైగా జాతులున్నాయి. 1753లో లిన్నేయస్ పేరు పెట్టిన ఈ ప్రజాతిలో బంగాళాదుంప, టమాటా, వంకాయ మూడూ ఉన్నాయి. ఆ వృక్షం మొదట్లోనే రెండు పెద్ద కొమ్మలుగా చీలింది. బంగాళాదుంపా టమాటా ఒక వైపు, వంకాయ రెండో వైపు. మీ పొటాటో క్రీపర్ ఎటు ఉందనుకుంటున్నారు? వంకాయ వైపు. అంటే పేరులో పొటాటో పెట్టుకుని వంకాయ వాళ్లింట్లో కాపురం చేస్తోంది. పిన్నిగారూ మొక్కలబ్బాయీ పోటీ పడితే చుట్టరికం విషయంలో పిన్నిగారికే కొన్ని మార్కులు ఎక్కువ వేస్తాను.

ఇది ఎక్కే తీరు చూడండి. సొర, కాకర తీగల్లా నులితీగలు లేవు. చిక్కుడు తీగలా చుట్టుకోదు. తమలపాకు తీగలా కణుపుల దగ్గర వేళ్లు దించి అతుక్కోదు. దీని పద్ధతి మోటు పద్ధతి: పొడుగాటి కొమ్మను గాల్లోకి విసురుతుంది, అది ఏ చెట్టు మీదో గోడ మీదో వాలుతుంది, వెనక్కి వంగిన ముళ్లు గాలమేసినట్టు పట్టుకుంటాయి. ముల్లు మొన పైకి కాకుండా కిందికి, కాండం మొదలు వైపుకు తిరిగి ఉండడం గమనించండి. పైకి వెళ్లేటప్పుడు అడ్డం రాదు, కిందికి జారబోతే దిగబడుతుంది. చీర కొంగు పట్టుకుంటే ముందుకు లాగితే చిరుగుతుందని, వెనక్కి నెట్టి తీయాలని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పశువుల నుంచి కాపాడుకోవడం సరే, ఈ తీగ విషయంలో ముల్లు కాలూ చేయీ కూడా. మీరు గోడకు మేకులు కొట్టి తాళ్లు కట్టకపోతే నున్నటి సున్నపు గోడ మీద అది ఒంటరిగా నిలబడలేదు.

ఆకులు మూడు రకాలంటే కంగారు పడకండి, ఈ జాతి లక్షణమే అది. కింది ముదురు భాగంలో ఆకులు పెద్దవిగా, ఈకల్లా చీలి ఉంటాయి. పైకి పోయేకొద్దీ మూడు తమ్మెలవుతాయి. పూల గుత్తికి దగ్గర చీలికలే లేని ఆకు. పై కొమ్మ ఒక్కటే తెచ్చి చూపిస్తే అనుభవం ఉన్నవాళ్లే తడబడతారు. ఆకు రాల్చడమూ సహజమే. నీటెద్దడికీ చలికీ ఆకు దులిపేసుకుని కూర్చుంటుంది. శ్రీకాకుళంలో చలి ఏపాటిదని అడగకండి, దానికి ఆ మాత్రం చాలు.

ఇప్పుడు అసలు నాకు ఇష్టమైన భాగం, పువ్వు.

పొద్దున్నే ఒక గుత్తి దగ్గర నిలబడండి. అయిదు ఆకర్షణ పత్రాలు అడుగున కలిసిపోయి పళ్లెంలా పరుచుకున్నాయి, మధ్యలో అయిదు పచ్చటి పరాగకోశాలు. మామూలు పువ్వుల్లో పరాగకోశం నిలువుగా పగిలి పుప్పొడి బయట పడుతుంది, మందార పువ్వును ముట్టుకుంటే వేలికి అంటుతుంది కదా. ఇక్కడ అలా కాదు. పరాగకోశం కొనన సూది బెజ్జమంత రంధ్రం, అంతే దారి. పుప్పొడి ఉప్పు డబ్బాలో ఉప్పులా లోపలే ఉంటుంది. పైగా ఈ పువ్వులో తేనె చుక్క కూడా లేదు. వచ్చిన కీటకానికి దొరికేది పుప్పొడి ఒక్కటే, అదీ తాళం తీయడం తెలిస్తేనే.

ఆ తాళం తీయడం మా తరగతిలో ఇలా చూపించేవాణ్ణి. ఫిజిక్స్ ల్యాబు నుంచి 256 అని చెక్కిన శృతిదండం, అంటే కొడితే సెకనుకు అన్నిసార్లు అదిరే ఫోర్కు లాంటి పనిముట్టు, అడిగి తెచ్చుకునేవాణ్ణి. బల్ల మీద నల్ల కాగితం, దానిపైన తలకిందులుగా పట్టుకున్న వంగ పువ్వు. వేలితో తట్టితే ఏమీ రాలదు. శృతిదండాన్ని రబ్బరు దిమ్మకు కొట్టి, మోగుతున్న కొమ్మును పరాగకోశాలకు ఆనించగానే నల్ల కాగితం మీద పసుపు పొడి చల్లినట్టు పడేది. పిల్లలు ఒక్కసారి నోరెళ్లబెట్టి, ఆ వెంటనే మళ్లీ మళ్లీ అనేవాళ్లు. శృతిదండం తిరిగి ఇచ్చేసరికి దానికి పుప్పొడి అంటుకుని ఉందని ఫిజిక్స్ మాస్టారు ఏటా ఒకసారి కోప్పడేవారు.

తోటలో శృతిదండం పని చేసేది తుమ్మెద. పాతిళ్ల దూలాలకు గుండ్రటి బెజ్జాలు పెట్టే నల్లటి పెద్ద తుమ్మెద. పువ్వును కాళ్లతో, దవడలతో గట్టిగా కరచుకుని, రెక్కలు కదలకుండా ఛాతీ కండరాలను మాత్రం సెకనుకు వందలసార్లు అదిలిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి దాని పొట్ట మీద చిమ్ముకుంటుంది. ఎగిరేటప్పటి మోత వేరు, ఇది వేరు. పువ్వు మీద వాలిన మరుక్షణం స్వరం హెచ్చి సన్నగా, చురుగ్గా వినిపిస్తుంది. ఒంటి మీద నీలి చారలున్న ఒక చిన్న అడవి తేనెటీగ కూడా ఈ విద్య నేర్చినదే. మనం పెట్టెల్లో పెంచే, తేనె ఇచ్చే తేనెటీగకు మాత్రం ఇది చేతకాదు. వంగ పాదుల పక్కన తేనె పెట్టెలు పెట్టి దిగుబడి పెరుగుతుందని ఎదురుచూసే రైతులకు ఈ ముక్క చెబుతుంటాను.

తుమ్మెదలు తిరుగుతున్నా మరి కాయ ఎందుకు లేదంటారా? తోటల్లో పెంచే ఈ తీగ కాయడం ఎక్కడైనా అరుదే. దీన్ని గింజతో కాక కొమ్మతోనే పెంచుతారు. మీ తీగ, బెంగళూరులో దాని తల్లి నిజానికి రెండు మొక్కలు కావు, ఒకే మొక్క రెండు ఊళ్లలో ఉండడం. మీ తుమ్మెద ఎంత తిరిగినా ఆ పుప్పొడి ఆ ఇంటిదే. కాయ లేదని మందులు, ఎరువులు వేయకండి. ఒక విధంగా అది మంచిదే. అమెరికా నుంచే వచ్చిన ఉస్తి పిట్టలు తిని గింజలు చల్లగా ఎక్కడపడితే అక్కడ మొలుస్తోంది. మీ తీగ గోడ దాటి నాగావళి గట్టు ఎక్కుతుందనే భయం లేదు.

ఇక కషాయం. నేను ఇక్కడ ఒక నిజం దాచను: గ్వాటెమాలాలో ఈ తీగ లేత చివుళ్లను ఆకుకూరగా వండుకుంటారు, క్విష్తాన్ అంటారు. దాన్ని పట్టుకుని మీ ఇంట్లో ఎవరైనా, చూశారా, తినేదే కదా అనవచ్చు. ఆగండి. అక్కడివాళ్లకు ఏ చివురు కోయాలో, ఎంత ఉడికించాలో తరాల అలవాటు ఉంది. మనకు లేదు. సొలానమ్‌లలో ఆల్కలాయిడ్లనే చేదు విష పదార్థాలు ఉంటాయి, పచ్చబడిన బంగాళాదుంప తినకూడదనేది వాటి వల్లే. మొక్కను బట్టి, భాగాన్ని బట్టి, ముదురును బట్టి వాటి మోతాదు మారుతుంది. కషాయం అంటే ముదురాకులు దంచి, నీళ్లు నాలుగో వంతుకు మరగబెట్టి, ఆ నీళ్లే తాగడం. కూరకు ఉడికించి నీళ్లు వార్చడానికి సరిగ్గా తలకిందులు పని. పైగా దగ్గుకు వాడిన అలవాటు ముళ్లముస్తెది, మీ తీగది కాదు. పెద్దవయసు మనిషి, ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటున్నారని రాశారు. ఈ ఆకు ఇవ్వకండి. ఇప్పటికే తాగి ఉంటే, వాంతులు, కడుపునొప్పి, మగత ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒక కొమ్మ కూడా పట్టుకెళ్లండి. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గుకు ఎలాగూ కఫం పరీక్ష చేయించాలి, అది ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే చేస్తారు. పిన్నిగారి మీద కోపం తెచ్చుకోవద్దు. ఆవిడ చిన్నప్పుడు చూసిన మొక్కనే మళ్లీ చూశాననుకున్నారు. ఆకు, పువ్వు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆవిడే ఒప్పుకుంటారు.

పెంపకం గురించి రెండు మాటలు. పూలు కొత్త చిగురు కొసలకే వస్తాయి. కాబట్టి ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడే, శివరాత్రి లోపల, ధైర్యంగా కత్తిరించండి. కొమ్మను పెన్సిలంత లావున్నది చూసి జానెడు ముక్క కోసి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే చాలు, బతుకుతుంది. నీళ్లు నిలవకూడదు.

పందిరి మాత్రం గట్టిగా వేయించండి. నా తీగను డాబా మీద సన్నటి ఇనుప చువ్వల పందిరికి ఎక్కించాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు, ఆ పచ్చటి బరువంతా గాలికి తెరచాపలా నిలిచి, చువ్వలతో సహా పెళ్లగించుకుని పక్కవాళ్ల నీళ్ల ట్యాంకు మీద పడింది. మొదలు రెండడుగులు మిగిలింది. దాన్నే వదిలేస్తే మరుసటి వానాకాలానికి మళ్లీ మనిషెత్తు లేచింది. ట్యాంకు డబ్బులు మాత్రం నేనే ఇచ్చుకున్నాను. తుపానులు మీ జిల్లాకు కొత్త కాదు. సెప్టెంబరు చివర్లో పైభాగం కొంత తేలిక చేసి పెట్టుకోండి.

మరొకటి, మీ నాలుగో ఫొటోలో గేటు దగ్గర పాల ప్యాకెట్లు వేసే సంచి కనిపిస్తోంది. తీగ కొమ్మ ఒకటి ఇప్పటికే దాని పిడిలో దూరింది. తెల్లవారుజామున చీకట్లో పాలబ్బాయి చేయి పెట్టేది అక్కడే. ఈరోజే ఆ సంచి తీసి గేటు రెండో వైపు కట్టండి.